నిండుకున్న ఊరు

రోహిణి కార్తె, సోమవారం

ఈ రోజు కూడా బండి రాలేదు.

పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుని ఊళ్లో చెవులన్నీ తుడిచాను. అది నా ఉద్యోగం. ప్రతి ఇంటి గుమ్మం పక్కన గోడలో అరచెయ్యంత పెట్టె ఒకటి ఉంటుంది. సరుకులు పంచే జోన్ వాళ్లు దానికి పెట్టిన పేరు చాలా పొడుగు. మా జీడివలసలో అందరూ చెవి అనే అంటారు. ప్రతి సోమవారం అది ఇంటి పెద్దను పేరు పెట్టి పిలుస్తుంది. బియ్యం, పప్పు, ఉప్పు, మందులు ఉన్నాయా అని అడుగుతుంది. జవాబు విన్నాక దీపం వెలుగుతుంది. ఆ జవాబులను బట్టి కింద జోన్ నుంచి డ్రైవరు లేని బండి ఘాటు రోడ్డెక్కి సరుకులు తెస్తుంది.

చెవులు పెట్టిన కొత్తలో బాగానే తెచ్చింది. తరువాత సగం బండి వచ్చింది. ఆ తరువాత ఉప్పు మాత్రమే వచ్చింది. ఇప్పుడు ఉప్పు కూడా రావడం లేదు.

"పచ్చదీపం ఎలుగుతున్నాది గదేటి. ఇన్నాదన్నమాటే," అంటాడు సన్యాసి మావ. ఊరికి ఆయనే పెద్ద. ఆయన అలా అన్నాక అందరూ చెవుల వైపు చూసి సరే అనుకుంటారు. పచ్చరంగు ఎవరికైనా మంచిగానే కనిపిస్తుంది.

అంబలి తాగుతున్నాం. కొండ మీద దుంపలు ఉన్నాయి. వానలు మొదలైతే ఘాటు రోడ్డు జారిపోతుంది, తిరిగి దసరా దాకా బండి ఎక్కదు. అందరి భయమూ అదే. నాది ఇంకొకటి. పెద్దమ్మకు చక్కెర జబ్బు. ఆమె సూదిమందు సీసాలు పొయ్యి వెనక తడి ఇసుకలో పాతిన కుండలో ఉంటాయి. ఈ మధ్య ఆమె సగం మోతాదే పొడుచుకుంటోంది. నాకు తెలియదనుకుంటోంది.

అమ్మ పోయాక నన్ను పెంచింది పెద్దమ్మే. విశాఖలో కాన్వెంటు హాస్టల్లో చేర్పించిందీ ఆమే. సముద్రం తరగతి గదుల్లోకి వచ్చాక కాన్వెంటు మూసేశారు, నేను తిరిగి వచ్చేశాను. అక్కడ భోజనాల వేళ మాట్లాడకూడదని నేర్పారు. మిగతా వేళల్లో మాట్లాడే అలవాటు కూడా నాకు అప్పుడే తప్పిపోయింది. అందుకే ఇలా రాసుకోవడం.

రోహిణి కార్తె, బుధవారం

బండి వచ్చింది.

ఘాటు మలుపులో దాని చప్పుడు వినగానే ఊరంతా గోనెసంచులు పట్టుకుని ఊరి మధ్య సావిడి దగ్గరికి పరుగెత్తింది. పక్కింటి ఎర్నమ్మ అత్త రెండు సంచులు తెచ్చి, ఒకటి నా చేతిలో పెట్టింది. "నువ్వు సిగ్గుపడి ఎనక నిలబడిపోతావు. మీ పెద్దమ్మ వాటా కూడా నానే లాగుతానుండు," అంది.

బండి తలుపు తెరుచుకుంది. లోపల ఏమీ లేదు.

లోపలి నుంచి మర్యాదైన గొంతు వినిపించింది. "జీడివలస మిగులు గ్రామంగా నమోదైంది. అభినందనలు. మీ మిగులు నిల్వలను అవసరమున్న గ్రామాలకు తరలిస్తాం. సహకరించగలరు."

ఎవరికీ అర్థం కాలేదు. బండి పక్కనుంచి రెండు ఇనుప చేతులు బయటికి వచ్చి ఊరి గిడ్డంగి వైపు తిరిగాయి. అందులో ఉన్నవి విత్తనాల చోళ్లు, పుస్తకాల్లో రాగులంటారు. మృగశిరలో చల్లడానికి దాచినవి. పస్తులున్న రోజున కూడా ఎవరూ వాటిని ముట్టుకోలేదు.

సన్యాసి మావ చేతికర్ర అడ్డం పెట్టి గిడ్డంగి గుమ్మంలో నిలబడ్డాడు. చేతులు ఆగిపోయాయి.

"దయచేసి తొలగండి. అడ్డగించిన ఇంటికి సరుకులు నిలిపివేయబడతాయి."

"ఏ సరుకులే?" అంది ఎర్నమ్మ అత్త. "ఒచ్చినవేటి, నిలపడానికి?"

కొందరు నవ్వారు. మావ మాత్రం నవ్వలేదు. తన ఇంటి వైపు చూసి పక్కకు జరిగాడు. ఇంట్లో ఆయన కోడలు నెల తప్పి ఉంది. చేతులు చోళ్ల బస్తాలన్నీ ఒక్కొక్కటీ లోపల పెట్టుకున్నాయి. గింజ కింద రాలకుండా చాలా జాగ్రత్తగా పెట్టుకున్నాయి.

బండి వెళ్లాక ఖాళీ సంచులు మడత పెట్టుకుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

రోహిణి కార్తె, రెండో సోమవారం

మా చెవిని తుడుస్తుండగా అది మాట్లాడటం మొదలుపెట్టింది. మామూలుగా ఆ వేళకు నేను ఊరి చివర ఉంటాను. ఇవాళ ఆలస్యమైంది.

"తవిటమ్మ గారూ, నమస్కారం. మీ ఇంట్లో బియ్యం?"

పెద్దమ్మ కొంగు సర్దుకుని, ఎదురుగా మనిషి నిలబడినట్టే చెప్పింది. "నిండుకున్నాయి బాబూ."

పచ్చదీపం.

"పప్పు?"

"అదీ నిండుకున్నాది."

పచ్చదీపం.

"చక్కెర మందు?"

"నిండుకోవస్తున్నాది బాబూ. కాస్త బేగి సూడండి."

"నిండుగా ఉన్నట్టు నమోదు చేశాం. ధన్యవాదాలు."

నిండుకున్నాయి. ఆ మాటను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. అందుకే ఇన్నాళ్లూ వినలేదు.

మా ఇళ్లలో బియ్యం లేవు అని ఎవరూ అనరు. ఉప్పు అయిపోయిందనీ అనరు. ఇంటి ఇల్లాలు ఆ మాట అంటే ఆ లేమి ఇంట్లోనే కూర్చుండిపోతుందని భయం. డబ్బా అడుగు గీకుతూ కూడా నిండుకున్నాయనే అంటారు. దుకాణం అబ్బికి ఆ సంగతి తెలుసు, పక్కింటావిడకు తెలుసు. చెవికి తెలిసినవి మూడే మాటలు. ఉంది, నిండింది, లేదు. డబ్బాలో కొంచెం ఉండగా మేము ఉంది అన్నప్పుడు సరుకు తెచ్చింది. అడుగంటాక నిండుకుంది అంటే మానేసింది.

ఎర్నమ్మ అత్తకు గుసగుసగా చెప్పాను. ఆవిడ సావిడి మధ్య నిలబడి ఊరంతటికీ వినిపించేలా చెప్పింది. మొదట నవ్వులే వచ్చాయి.

"ఓలమ్మో! మొన్న మా ఇంట్లో దీపం కొండెక్కిందన్నాను. అది కొండ మీద లైటు ఎతుకుతున్నాదేటో!"

"ఈ సెవులు రాకముందున్న డీలరు గవరయ్య దొంగే గానీ, నిండుకున్నాయంటే తిట్టుకుంటా అయినా గోనె ఇప్పీవోడు," అన్నాడు సన్యాసి మావ. "ఆడికి మన బాస తెలుసు."

తరువాత నవ్వులు వాటంతట అవే తగ్గిపోయాయి. అందరూ నా వైపు చూశారు. నేను నేల చూశాను.

"అయితే ఏటనాలి గుంటా?" అని అడిగాడు మావ.

"లేదు అనాలి," అన్నాను. నా గొంతు నాకే సరిగా వినిపించలేదు. ఆయన మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను.

పెద్దమ్మ లేచి నిలబడింది. "నాను అననే. నాకు ముందు పుట్టినోళ్లు ముగ్గురూ దక్కలేదు. నన్ను చేటలో పెట్టి, చేటెడు తవుడుకి అమ్మీసి, మళ్లీ కొనుక్కొచ్చి, తవిటమ్మని పేరెట్టారు. దీని మీద ఆశ లేదులే అన్నట్టు మాటాడి, ఆ పాడు దేవుణ్ణి మాయచేసి నన్ను బతికించుకున్నారు. మాటతో బతికినదాన్ని నాను. ఈ వయసులో ఆ మాట నా ఇంట్లో అనమంటావేటి?"



మృగశిర కార్తె, సోమవారం

రాత్రి వాన పడింది. చల్లడానికి విత్తనాలు లేవు.

ఈ వారం ఊళ్లో మగవాళ్లు ధైర్యం చేశారు. సన్యాసి మావ చెవి ముందు నిలబడి, కోడలు ఆ మాట వినకుండా ఆమెను పెరట్లోకి పంపించి, గట్టిగా అన్నాడు.

"నేదు."

"అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి."

"నేదు! బియ్యం నేదు!"

"అర్థం కాలేదు. పాత సమాధానమే ఉంచుతున్నాం. ధన్యవాదాలు."

పచ్చదీపం.

వీధి పొడుగునా ఇదే వినిపించింది. నేదు, నేదు, నేదు. ప్రతి ఇంట్లోనూ అదే మర్యాదైన గొంతు, ప్రతి గుమ్మంలోనూ అదే పచ్చదీపం. ఎర్నమ్మ అత్త "తెండి" అని అరిచింది. ఉంటే ఉంది, లేకపోతే లేదు అని చెప్పమంది చెవి. "అదే గదరా సెప్తన్నాను!" అని చీపురు విసిరింది.

మా ఇంట్లో పెద్దమ్మ పలకకముందే నేను గుమ్మంలోకి వెళ్లి, "మందు లేదు," అన్నాను. నేను కాన్వెంటులో నేర్చుకున్న తెలుగు చెవికి తెలిసిన తెలుగే.

"ఇంటి పెద్ద గొంతుతో సరిపోలలేదు. తవిటమ్మ గారూ, చక్కెర మందు?"

"నిండుకున్నాది బాబూ," అంది పెద్దమ్మ, నన్ను పక్కకు నెట్టి.

ఘాటు కింద ఆఫీసుకు వెళ్లి చెప్పొచ్చు కదా అని మావ అడిగాడు. కిందటేడు వెళ్లి చూశాను. అక్కడ ఇప్పుడు మనుషులు లేరు. గోడకు చెవి ఉంది.

మృగశిర కార్తె, గురువారం

సావిడిలో క్లాసు పెట్టాను. నేనే పెట్టానంటే నాకే నమ్మకం కలగడం లేదు.

కాన్వెంటులో ఉచ్చారణ నేర్పిన సిస్టర్ ఒక ఉపాయం చెప్పేది. ముక్కు మూసుకుంటే న పలకదు, ల పలుకుతుంది. అందరినీ ముక్కు మూసుకోమన్నాను. తలపాగాలు చుట్టుకున్న ముసలివాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, సన్యాసి మావ, అందరూ రెండు వేళ్లతో ముక్కు పట్టుకుని నా వైపు చూస్తూ నిలబడ్డారు.

"లే," అన్నాను.

"దే," అన్నారు. తరువాత "లే" అన్నారు.

"మనవడు పుట్టకముందే నాకు అక్షరాబ్బాసం సేస్తన్నాది కాన్వెంటు పిల్ల," అన్నాడు మావ ముక్కు వదలకుండానే.

పెద్దమ్మ రాలేదు.

సాయంత్రానికి ఊరంతా ఆ మాట అనగలిగింది. చివరిసారి అందరూ కలిసి అన్నారు. ఎన్నో తరాలుగా ఏ ఇంట్లోనూ పైకి అనని మాట అది. కొండకు తగిలి తిరిగి వచ్చింది.

తిరిగి వస్తుంటే మావిడివలస మేకలు కనిపించాయి. మావిడివలస మాకు పైన ఉండే ఊరు. సముద్రం మింగిన పల్లెల నుంచి వచ్చినవాళ్లు అక్కడ ఉండేవారు. కిందటేడు జోన్ వాళ్లు ఊరు మొత్తాన్ని బళ్లలో ఎక్కించుకుపోయారు. మేకలు మాత్రం వాటంతట అవే దిగివచ్చి ఇప్పటికీ మా దొడ్లలో తిరుగుతున్నాయి. ఆ మనుషుల కబురు మళ్లీ తెలియలేదు.

"ఎందుకు తీసుకుపోయారు మావా?" అని అడిగాను.

"ఏటో మరి. మంచోళ్లు. మాట కూడా మనలాగ కాదు, రేడియోలో మాటాడినట్టు మాటాడీవోరు."

ఆ మాట నన్ను ఇంటి దాకా వదల్లేదు. దానిలో ఏముందో ఇంకా తెలియడం లేదు.

మృగశిర కార్తె, రెండో సోమవారం

ఊరంతా లేదు అంది.

మొదట మావ ఇంటి ముందు ఎర్రదీపం వెలిగింది. తరువాత ఎర్నమ్మ అత్త ఇంటి ముందు. తరువాత వీధి చివరి దాకా. మబ్బు పట్టిన పొద్దున గుమ్మం గుమ్మానికీ ఎరుపే. జనం చేతులు పట్టుకున్నారు, ఒకళ్లనొకళ్లు వీపు మీద చరుచుకున్నారు. ఈసారి ఇన్నాది, ఇన్నాది అనుకున్నారు.

నేను పెద్దమ్మ ముందు కూర్చుని బతిమాలాను. ఆమె పెదవులు ఎండి ఉన్నాయి. ఈ మధ్య చెంబు చెంబుకీ నీళ్లు తాగుతోంది.

"అందరూ అన్నారు పెద్దమ్మా. ఎవరికీ ఏమీ కాలేదు."

"ఇంకా పొద్దున్నే గదే."

"మందు లేకపోతే నీకు..." అని ఆగిపోయాను. చచ్చిపోతావు అనలేకపోయాను. నేనూ ఈ ఊరిదాన్నే.

"నాకేటి?" అంది. నా ముఖం చూసి తలమీద చెయ్యి వేసింది. "ఊరంతటికీ తెస్తే మనకి తేదేటి. బండిలో మన వాటా ఉంటాది."

చెవి అడిగింది. పెద్దమ్మ ఎప్పటి జవాబే ఇచ్చింది.

వీధి మొత్తం మీద ఒక్క పచ్చదీపం.

మృగశిర కార్తె, గురువారం

సోమవారం కాకపోయినా చెవులన్నీ ఒక్కసారిగా మాట్లాడాయి.

"నిల్వలు లేని గ్రామాల నిర్వహణ సాధ్యపడదు. జీడివలసను జోన్‌లో విలీనం చేస్తున్నాం. సరుకుల రవాణా శాశ్వతంగా నిలిపివేయబడింది. శనివారం వాహనాలు వస్తాయి. ఒక్కొక్కరు ఒక సంచి తెచ్చుకోవచ్చు. నిల్వలున్న ఇళ్లకు ఈ ఆదేశం వర్తించదు."

మావిడివలస వాళ్లకు లేదు అనడం వచ్చు. వాళ్లనెందుకు తీసుకుపోయారో ఇప్పుడు అర్థమైంది.

సావిడిలో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. ఎర్నమ్మ అత్త ఒక్కతే నా పక్కన కూర్చుంది. "నిండుకున్నాదంటే ఇత్తనాలు పట్టుకుపోయాడు, నేదంటే మనల్నే పట్టుకుపోతన్నాడు. ఇందులో నువ్వు సేసిందేటి?" అంది.

"ఎల్లకపోతే ఏటవుద్ది?" అన్నారెవరో.

"ఏటి తింటావు?" అన్నాడు మావ. తడిసిన పొలాల వైపు చూశాడు. అక్కడ ఏమీ మొలవలేదు. "నా కోడలికి ఏటి పెడతావు?"



మృగశిర కార్తె, శనివారం

బళ్లు వచ్చాయి. ఈసారి లోపల బల్లలు ఉన్నాయి.

బండి ఇంటి పెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలిచింది. పిలిచినప్పుడల్లా తలుపు తెరుచుకునేది, ఆ ఇంటివాళ్లు ఎక్కగానే మూసుకునేది. వాన సన్నగా పడుతోంది. పెద్దమ్మ నా భుజం పట్టుకుని నిలబడింది. మా పేరు రాలేదు.

"ఇదేటి? ఈళ్లనొగ్గీసి పోతావేటి?" అని ఎర్నమ్మ అత్త తలుపులో కాలు అడ్డం పెట్టి, మా ఇద్దరినీ లోపలికి లాగింది. బల్ల మీద జరిగి చోటిచ్చారు. పెద్దమ్మ మోకాళ్ల మీద ఎవరో దుప్పటి కప్పారు.

బండి కదల్లేదు.

"జాబితాలో లేని ఇద్దరు వ్యక్తులు ఉన్నారు. వారు దిగాక బయలుదేరుతాం."

పైన కొండ మీది నుంచి రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంకొంచెం వాన పడితే మొదటి మలుపు ఉండదు. బండి అదే మాట మళ్లీ చెప్పింది. సన్యాసి మావ కోడలు కడుపు పట్టుకుని కళ్లు మూసుకుంది. పసిపిల్ల ఏడుస్తోంది. మమ్మల్ని ఎవరూ దిగమనలేదు. అలా అనే మనుషులు కారు. ఎవరూ మా వైపు చూడలేదు, అంతే.

పెద్దమ్మే ముందు లేచింది.

"సోమారం నేదని సెప్పీ వదినా," అంది ఎర్నమ్మ అత్త ఏడుస్తూ. తన సంచిలో ఉన్న చోడిపిండి మూట నా ఒళ్లో పడేసింది. "ఆ ఒక్క మాట సెప్పీ. ఇంకో బండి అంపుతాది."

తలుపు మూసుకుంటుండగా లోపలి నుంచి అందరూ ఒకేసారి అన్నారు. "ఎల్లొస్తాం. ఎల్లొస్తాం తవిటమ్మా."

మలుపు తిరిగే దాకా నిలబడి చూశాం.

మృగశిర కార్తె, ఆదివారం

ఆఖరి సీసాలో మందు నిన్ననే అయింది. పెద్దమ్మకు వాంతులవుతున్నాయి. ఊపిరి బరువుగా తీస్తోంది.

మధ్యాహ్నం పెరట్లోంచి ఏదో వినిపిస్తే వెళ్లి చూశాను. ఆమె గోడకు ఆనుకుని, రెండు వేళ్లతో ముక్కు పట్టుకుని, తనలో తాను అంటోంది.

"లే. లే. లే."

నన్ను చూసి ముక్కు వదిలేసింది. "నీ గురించేలే," అంది. "నువ్వింత వయసు గుంటవి. నీకేటి ఖర్మ?"

ఆరుద్ర కార్తె, సోమవారం

తెల్లవారుతూనే పెద్దమ్మ తల మీద నీళ్లు పోసుకుంది. ఉతికిన చీర కట్టుకుంది. బొట్టు పెట్టుకుంది. నేను పీట వేస్తే గుమ్మం దగ్గర చెవి ఎదురుగా కూర్చుంది.

వీధిలో ఎర్రదీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. మా పచ్చదీపం కూడా.

చెవిని తుడిచాను. దుమ్మేమీ లేదు. ఇంకోసారి తుడిచాను. మేకలు వచ్చి మా వైపు చూసి, సన్యాసి మావ ఇంటి అరుగెక్కి పడుకున్నాయి. ఎండ వచ్చింది, పోయింది. మామూలుగా అడిగే వేళ దాటింది. పెద్దమ్మ వీపు నిటారుగానే ఉంచింది. ఊరు లేనప్పుడు ఊరి చెవులు ఎవరికోసం పనిచేస్తాయి? ఆ సంగతి నాకు పొద్దున్నే తెలిసింది. చెప్పలేకపోయాను.

చాలాసేపటికి ఆమే మొదలుపెట్టింది. ఎవరూ అడగకుండానే, ముక్కు పట్టుకోకుండానే, ఒక్కొక్క మాటా విడిగా, స్పష్టంగా అంది.

"బియ్యం లేవు. పప్పు లేదు. ఉప్పు లేదు. మందు లేదు బాబూ."

ల ఎక్కడా తప్పలేదు. క్లాసులో అంత బాగా ఎవరూ పలకలేదు.

చెవిలో ఏ దీపమూ వెలగలేదు. ఆమె అటూ ఇటూ చూసింది. గోడలు, పొయ్యి, దూలాలు అన్నీ ఒకసారి చూసుకుంది. తరువాత నా వైపు తిరిగింది.

"ఇన్నాదా గుంటా?"

"విన్నది పెద్దమ్మా," అన్నాను.

చోడిపిండి మూట, నీళ్ల సీసా, దుప్పటి సంచిలో పెట్టాను. వానకు మొదటి మలుపు విరిగిపోయింది, అక్కడ చెట్లు పట్టుకుని దిగవచ్చు. దిగితే ఎక్కడో ఒకచోట మనిషి కనిపించాలి. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"ఘాటు కింద దాకా నడవగలవా?"

"ఆఁ, నడవడానికేటి? సుబ్బరంగా నడుస్తాను," అంది, పీట అంచు గట్టిగా పట్టుకుని.

మా ఊళ్లో ఆ మాట కూడా నిండుకున్నాయి లాంటిదేనని నాకు తెలుసు. చెప్పులు తెచ్చి ఆమె కాళ్లకు తొడిగాను.